పట్టపగలు వెలిగే లైటు



బండి మీద వెళ్తుంటే ఎదురుగా వచ్చేవాళ్లు చెయ్యెత్తి, అయిదు వేళ్లూ ముడిచి విప్పి, మళ్లీ ముడిచి విప్పి చూపించడం మీకు తెలిసిందే. పగటిపూట లైటు వెలుగుతోంది, ఆర్పుకో అని దానర్థం. ఎవరూ నేర్పకుండానే మన రోడ్ల మీద అందరికీ వచ్చేసిన సైగ అది. 2017 ఏప్రిల్ నుంచి తయారయ్యే మోటారు సైకిళ్లకూ స్కూటర్లకూ ఇంజను స్టార్టయితే చాలు, హెడ్‌లైటు దానంతటదే వెలుగుతుంది. ఆర్పడానికి స్విచ్చే ఉండదు. అయినా ఆ తర్వాత చాలాకాలం దారిపొడుగునా దయగలవాళ్లు వేళ్లు ముడిచి విప్పుతూనే ఉన్నారు, కొత్త బండి కొన్నవాళ్లు 'ఆరదండీ, ఏం చెయ్యను' అన్నట్టు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. ఇప్పుడిప్పుడే ఆ సైగ తగ్గింది.

కార్ల సంగతి వేరు. మన దేశంలో కార్లకు పగటి లైటు తప్పనిసరి కాదు. పెడితే ఎలా పెట్టాలో ప్రమాణాలున్నాయి, పెట్టడం పెట్టకపోవడం కంపెనీ ఇష్టం. ఖరీదు ఎక్కువున్న మోడలుకు పెడతారు, తక్కువున్నదానికి ఆ చోట నల్లటి ప్లాస్టిక్ మూత బిగించి వదిలేస్తారు. ఆ మూత చూసినప్పుడల్లా యజమానికి మనసు లాగుతుంది. పక్క ఫ్లాటాయన కారుకు కనుబొమల్లా తెల్లగా వెలుగుతుంటే మనదానికి మూత ఎందుకుండాలి? అక్కడినుంచే మొదలవుతుంది ఇవాళ మనం చెప్పుకునే కథ. డీఆర్‌ఎల్ అని మూడక్షరాల్లో అందరూ పిలిచే పగటి లైట్లను మార్చడం, కొత్తగా పెట్టించడం, రంగు తిప్పించడం, కొందరైతే తీయించేయడం.

హైదరాబాద్ శివారు తెల్లాపూర్ చుట్టుపక్కల ఈ సరదా చాలా కనిపిస్తుంది. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. నల్లగండ్ల నుంచి కొల్లూరు దాకా ఆకాశానికి లేచిన అపార్టుమెంట్లు, ఒక్కో సెల్లారులో వందల కార్లు, వాటిలో సగం ఈ అయిదారేళ్లలో కొన్నవే. ఇటు గచ్చిబౌలి ఆఫీసులు, అటు రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం ఫ్యాక్టరీలు. నడుమ తెల్లాపూర్. పొద్దున లేస్తే రెండువైపులా ఉద్యోగానికి పరుగే. ఇసుక టిప్పర్లు, కాంక్రీటు తిప్పుతూ వెళ్లే మిల్లర్ లారీలు, నీళ్ల ట్యాంకర్లు, వాటి వెనక లేచే దుమ్ము ఇక్కడ రోజూ ఉండేవే.

ఈ రోడ్ల దిక్కు ఒకసారి గమనించండి. తెల్లాపూర్ నుంచి గచ్చిబౌలి తూర్పు వైపుంది. పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకు బయల్దేరితే సూర్యుడు నేరుగా అద్దంలోంచి కళ్లలో పడతాడు. సాయంత్రం అయిదున్నరకు తిరిగొస్తుంటే పడమటి ఎండ మళ్లీ కళ్లలోనే. ఇక్కడ ఇల్లు కొనుక్కుని అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు రోజుకు రెండుసార్లు సూర్యుడితో ముఖాముఖి తప్పదు. ఫ్లాటు అమ్మేటప్పుడు బ్రోషరులో ఈ మాట రాయరు లెండి.

ఇప్పుడు పొద్దున్నే ఫ్యాక్టరీ షిఫ్టుకు పడమరకు వెళ్లే కారును తలుచుకోండి. సూర్యుడు దాని వీపు మీదున్నాడు. లోపల కూర్చున్నాయనకు రోడ్డంతా అద్దంలా కనిపిస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆ కారు ముందు భాగం మొత్తం నీడలో ఉంది. దానికెదురుగా తూర్పుకు వచ్చే మనిషికి కళ్లనిండా వెలుతురు, ఆ వెలుతురు మధ్యలో నల్లగా ఏదో ముద్ద. అది కదులుతోందో ఆగి ఉందో, ఎంత దూరంలో ఉందో చప్పున తెలియదు. ఆ నీడలో రెండు తెల్లటి చుక్కలు వెలిగితే వెంటనే తెలిసిపోతుంది. అదే డీఆర్‌ఎల్ చేసే పని. దాని లాభం పెట్టుకున్నవాడికి నేరుగా అందదు. ఎదురుగా వచ్చేవాడు చూసి పక్కకు జరిగితే అప్పుడు మనకూ అందుతుంది. డబ్బు మనది, బ్యాటరీ మనది, చూపు మాత్రం ఎదుటివాడిది. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే మార్పుల గురించి మిగతా లెక్కలన్నీ తేలిగ్గా తేలిపోతాయి.

అసలీ ఆలోచన ఎండలు తక్కువున్న దేశాల్లో పుట్టింది. ఫిన్లాండ్‌లో 1972లోనే చలికాలం పల్లె రోడ్ల మీద పగలు కూడా లైట్లు వెయ్యాలన్నారు. స్వీడన్ 1977లో ఏడాది పొడుగునా, అన్ని రోడ్ల మీదా అంది. ఆ తర్వాత నార్వే, ఐస్‌లాండ్, డెన్మార్క్. కెనడా 1990 నుంచి కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరి చేసింది. కెనడాకు వచ్చిన కార్లలో కొన్నిటికి చిత్రమైన చిట్కా వాడారు. విడిగా పగటి లైటు పెట్టకుండా, ఉన్న రెండు హై బీమ్ బల్బులనే ఒకదాని వెనక ఒకటి సీరీస్‌లో కలిపారు. పన్నెండు వోల్టులు రెండు బల్బులూ సగం సగం పంచుకుంటాయి, మసగ్గా వెలుగుతాయి. చవకలో పనైపోయింది. ఐరోపాలో 2011 ఫిబ్రవరి 7 నుంచి కొత్త మోడల్ కార్లకు విడి డీఆర్‌ఎల్ ఉండాల్సిందేనన్నారు. మరుసటేడు లారీలకూ బస్సులకూ వచ్చింది.

దీనివల్ల ప్రమాదాలు నిజంగా తగ్గాయా అంటే జవాబు ఒక్కటి లేదు. నార్వే పరిశోధకుడు రూనె ఎల్విక్ అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, పగటిపూట రెండు బండ్లు ఢీకొనే ప్రమాదాలు పది, పదిహేను శాతం దాకా తగ్గుతాయని 1996లో లెక్క చెప్పాడు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2008లో తమ దేశం లెక్కలు తీసి, మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనబడలేదంది. అందుకే అక్కడ ఇప్పటికీ తప్పనిసరి కాదు. సూర్యుడు నెత్తిమీద మండే మన మిట్టమధ్యాహ్నానికి స్వీడన్ లెక్క వర్తించకపోవచ్చు. తెల్లాపూర్ పొద్దుకూ సాయంత్రానికీ మాత్రం, నా మటుకు నేను, ఉపయోగం ఉందనే అంటాను.

సరదా ఎక్కడ మొదలైందంటే ఎల్‌ఈడీ వచ్చాక. పాత పద్ధతిలో 21 వాట్ల బల్బు ఒకటి వెలిగేది, దానికి అందమేమీ లేదు. ఎల్‌ఈడీ అయితే గోరంత ఉంటుంది, వరుసగా పేర్చవచ్చు, వంచవచ్చు. 2004లో ఆడి కంపెనీ తన ఏ8 పెద్ద కారులో అయిదేసి ఎల్‌ఈడీలతో పగటి లైటు పెట్టింది. అప్పటినుంచి ప్రతి కంపెనీకీ ఒక రూపు కావాల్సి వచ్చింది, దూరంనుంచి లైటు గీత చూసి ఇది ఫలానా బండి అని పిల్లలు చెప్పేస్తున్నారు. ఈ తెల్లటి ఎల్‌ఈడీ లోపల నిజానికి ఉన్నది నీలం వెలుగు. దాని మీద పసుపు పూత వేస్తే మనకు తెల్లగా కనబడుతుంది. ఆ నీలం ఎల్‌ఈడీ తయారుచేసినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. చవకబారు పట్టీల్లో ఆ పూత నాసిగా ఉంటుంది. కొత్తలో పాలలా ఉన్న లైటు కొన్నాళ్లకు ఒకవైపు నీలంగా, ఒకవైపు పచ్చగా తేలడానికి ఒక కారణం అదే.

ఇక కొలతలు. ఐక్యరాజ్యసమితి బండ్ల నిబంధనల్లో 87వది పగటి లైటు గురించే. ఒక్కో లైటు సూటిగా ముందుకు కనీసం 400 క్యాండెలాలు, గరిష్ఠం 1200 క్యాండెలాలు ఇవ్వాలి. ఒక క్యాండెలా అంటే దాదాపు ఒక కొవ్వొత్తి తీవ్రత. వెలిగే భాగం 25 చదరపు సెంటీమీటర్లకు తగ్గకూడదు, 200కు మించకూడదు. నేలనుంచి 25 సెంటీమీటర్లు పైన, ఒకటిన్నర మీటరు కింద ఉండాలి. రెండింటి మధ్య ఎడం కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. రంగు తెలుపే. 400కు తగ్గితే ఎండలో కనబడదు, పెట్టి ప్రయోజనం లేదు. 1200 దాటితే కళ్లు చెదురుతాయి. బజారులో దొరికే చాలా పట్టీల డబ్బాల మీద క్యాండెలా అన్న మాటే ఉండదు. వాట్లు రాస్తారు, లేకపోతే 'సూపర్ బ్రైట్' అని రాస్తారు. పుత్లీబౌలిలోనో కోఠీ గుజరాతీ గల్లీలోనో బేరమాడి కొన్న పట్టీ 400 ఇస్తోందా, నాలుగు వేలు ఇస్తోందా కంటితో చెప్పలేం. ఎందుకంటే కొట్టు నీడలో వెలిగించి చూస్తే ప్రతిదీ బ్రహ్మాండంగానే ఉంటుంది.

సరే, కొన్నారు. తర్వాత పెట్టించాలి. పెట్టడంలోనే అసలు విద్య ఉంది.

రోడ్డు పక్క ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్తాం. పని తెలిసినవాడు ఏమంటాడో వినండి. "అన్నా, పట్టీ అంటించుడు అయిదు నిమిషాల ముచ్చట. లైన్ యాడికెళ్లి గుంజినమన్నదే అసలు కత." నూటికి నూరుపాళ్లు నిజం. తెలియనివాడు ఏం చేస్తాడంటే, బ్యాటరీ నుంచి నేరుగా ఒక వైరు లాగి స్విచ్చు పెట్టి ఇస్తాడు. కారు తాళం తీశాక కూడా లైటు వెలుగుతుంది. మీరు స్విచ్చు మర్చిపోయి పైకి వెళ్లి పడుకుంటారు. పొద్దున సెల్ఫ్ కొట్టదు. అదైనా నయం. ఆ వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వెయ్యకపోతే, ఎక్కడో రేకు అంచున ఒరుసుకుని పైతోలు ఊడిన రోజున బ్యాటరీలోని కరెంటంతా ఆ సన్నటి వైరు గుండా పోతుంది. వైరు ఎర్రగా కాలుతుంది, పక్కనున్న ప్లాస్టిక్ అంటుకుంటుంది. అయిదు ఆంపియర్ల ఫ్యూజు ధర ఎంతో తెలుసా? ఛాయ్ డబ్బులు.

సరైన దారి ఇది. ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే ఫ్యూజు చూసి అక్కడినుంచి లైను తియ్యాలి. దాన్ని అయిదు కాళ్ల రిలేకు ఇవ్వాలి. రిలే అడుగున 30, 85, 86, 87, 87ఏ అని నంబర్లు పోసి ఉంటాయి. ప్రపంచంలో ఏ దేశపు రిలే తీసుకున్నా దాదాపు ఇవే నంబర్లు. 30కి ఇగ్నిషన్ లైను. పగటి లైటు వైరు 87కు కాకుండా 87ఏకు. 87ఏ అంటే రిలే నిద్రపోతున్నప్పుడు మాత్రమే కలిసి ఉండే కాలు. 85కు ఎర్త్, 86కు హెడ్‌లైటు వైరు. ఇప్పుడు కారు స్టార్టు చేస్తే పగటి లైటు వెలుగుతుంది. చీకటిపడి హెడ్‌లైటు వేశారనుకోండి, రిలేలోని కాయిల్‌కు కరెంటు వచ్చి లోపలి పలకను లాగుతుంది, 87ఏ తెగిపోతుంది, పగటి లైటు ఆరిపోతుంది. నిబంధన చెప్పేదీ ఇదే. హెడ్‌లైటు వెలిగినప్పుడు డీఆర్‌ఎల్ ఆరాలి, లేదా పార్కింగ్ లైటంత మసకగా మారాలి. పార్కింగ్ లైటుకు కనీసం 4 క్యాండెలాలు చాలు. దాని పక్కన 1200 క్యాండెలాల లైటును రాత్రి పూర్తిగా వెలిగిస్తే ఎదురొచ్చేవాడికి ఎలా ఉంటుందో లెక్క మీరే వేసుకోండి.

ఇదంతా పెట్టేవాడికి తెలియక కాదు, చాలాసార్లు కొనేవాడే వద్దంటాడు. "అన్నా, రాత్రి ఆరిపోతే ఇంకేం లుక్కు? వెలుగుతనే ఉండాలె" అంటాడు. అప్పుడు 87ఏ పక్కన పెట్టి 87 వాడేవాళ్లూ ఉన్నారు, రిలేనే లేకుండా బిగించేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ నా సానుభూతి ఎలక్ట్రీషియన్ వైపే. గిరాకీ వద్దన్నదాన్ని చేస్తే ఆ గిరాకీ పక్క షాపుకు పోతుంది.

కొంచెం మెరుగైన సరుకులో చిన్న డబ్బా ఒకటి వస్తుంది. ఇంజను నడుస్తోందా లేదా అని అది వోల్టేజీ చూసి తెలుసుకుంటుంది. ఇంజను ఆగి ఉంటే బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది, నడుస్తుంటే ఆల్టర్నేటర్ దాన్ని 13.5 నుంచి 14.5 దాకా లేపుతుంది. 13 దాటగానే డబ్బా లైటు వేస్తుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ ఇప్పటి కార్లలో ఇంధనం ఆదా చెయ్యడానికి ఆల్టర్నేటర్‌ను అవసరం లేనప్పుడు తగ్గించేస్తారు, వోల్టేజీ 13 కిందికీ పైకీ ఊగుతుంది. దాంతో నడిరోడ్డు మీద డీఆర్‌ఎల్ వెలిగి ఆరి, వెలిగి ఆరి, అంబులెన్సు వస్తోందేమో అనిపిస్తుంది. డబ్బా పాడైందనుకుని మార్చుకుంటూ పోతారు, కొత్తదీ అలాగే చేస్తుంది.

కంపెనీ బల్బు తీసి ఎల్‌ఈడీ బల్బు వేసినప్పుడు ఇంకో తమాషా. 21 వాట్ల బల్బు ఒకటిన్నర ఆంపియర్ల పైనే లాగుతుంది. అయిదు వాట్ల ఎల్‌ఈడీ అందులో నాలుగోవంతే లాగుతుంది. బండిలోని కంప్యూటర్ ఈ తేడా చూసి, బల్బు పోయిందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక పెడుతుంది. దాన్ని మోసం చెయ్యడానికి రెసిస్టర్ కలుపుతారు. ఆరు ఓముల రెసిస్టర్ 14 వోల్టుల దగ్గర ముప్పై వాట్ల పైన వేడి పుట్టిస్తుంది. కరెంటు ఆదా అని ఎల్‌ఈడీ వేసి, ఆదా అయినదానికి రెట్టింపు రెసిస్టర్‌లో కాల్చడం అన్నమాట. దాన్ని రేకుకు బిగించకుండా బంపరు ప్లాస్టిక్‌కు టేపుతో చుట్టేస్తే ప్లాస్టిక్ మెత్తబడి కుంగుతుంది.

పగలు తెల్లగా, ఇండికేటర్ వేస్తే పసుపుగా మారే పట్టీలు ఈమధ్య ఎక్కువ అమ్ముడవుతున్నాయి. ఇందులో తప్పేమీ లేదు, కంపెనీలే చేస్తున్నాయి. ఇండికేటర్‌కు నాలుగు సెంటీమీటర్ల లోపు పగటి లైటు ఉంటే, ఇండికేటర్ కొట్టినంతసేపూ ఆ పక్క పగటి లైటు ఆరవచ్చనీ మసకబారవచ్చనీ ఐరోపా నిబంధనే చెబుతోంది. ఎందుకంటే తెల్లటి మెరుపు పక్కన పసుపు మినుకు కనబడదు. నాసిరకం పట్టీల్లో పసుపు వెలిగినప్పుడు తెలుపు పూర్తిగా ఆరదు. రెండూ కలిసి లేత నిమ్మకాయ రంగు వస్తుంది. చందానగర్ సిగ్నల్ దగ్గర ఆ బండి కుడికి తిరుగుతోందో నేరుగా వస్తోందో ఆటోవాలాకు తెలియదు. ఆయన తన పద్ధతిలో తానే నిర్ణయించుకుంటాడు, ఫలితం మన ఫెండరు మీద కనిపిస్తుంది.

ఎరుపు, నీలం గురించి ఎక్కువ చెప్పను. ముందువైపు ఎర్ర లైటు చూపించకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వది చెబుతోంది. ఎర్ర బుగ్గలను మంత్రుల కార్ల మీదనుంచే 2017 మే 1 నుంచి తీయించారు. మంత్రికి లేనిది మన గ్రిల్లుకెందుకు?

హెడ్‌లైటు గాజు విప్పి లోపల పట్టీ పెట్టించడం వేరే స్థాయి పని. చూడ్డానికి కంపెనీ పనిలాగే ఉంటుంది, అందుకే మోజు ఎక్కువ. గాజును డొప్పకు అతికించిన జిగురును బ్యూటైల్ అంటారు. వేడి చేస్తే మెత్తబడి సాగుతుంది. అందుకని మొత్తం లైటును ఓవెన్‌లో పెట్టో, హీట్ గన్ పట్టో విప్పుతారు. లోపల పట్టీ అమర్చి మళ్లీ మూస్తారు. మూసేటప్పుడు పాత జిగురు పూర్తిగా గీకి కొత్తది నింపితే సరే, లేకపోతే ఎక్కడో వెంట్రుకవాసి సందు మిగులుతుంది. వేసవిలో తెలియదు. మొదటి వానకు తెలుస్తుంది. లైటు వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి బయటికి పోతుంది, ఆరగానే చల్లబడి బయటి తేమను లోపలికి పీల్చుకుంటుంది. ఆషాఢం దాటేసరికి గాజు లోపల ఆవిరి, శ్రావణానికి అడుగున నీళ్లు. వెండి పూత నల్లబడుతుంది, లో బీమ్ చెదిరిపోతుంది. పగటి లైటు మోజులో రాత్రి లైటు పాడు చేసుకున్నట్టవుతుంది. ఇటు కంపెనీ ఎల్‌ఈడీ పట్టీలో ఒక్క చుక్క కాలిపోయినా హెడ్‌లైటు మొత్తం మార్చాలని షోరూములో అంటారు, బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. కాబట్టి విప్పి బాగుచేసే పనితనానికి గిరాకీ ఉండటం న్యాయమే. దాన్ని తప్పుపట్టను. విప్పేవాడి చేతిని చూసి ఇవ్వండి, అంతే. అతను ఇంతకుముందు చేసిన బండి ఒకటి వానాకాలం దాటి వచ్చిందేమో అడగండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ కలిగించే సంగతికి వస్తాను. దీనికి మార్పు చేసిన బండే కానక్కర్లేదు, కంపెనీ బండైనా ఒకటే. పగటి లైటు వెలిగినప్పుడు వెనక లైట్లు వెలగవు. చాలా కార్లలో ఏర్పాటు అంతే.

ఔటర్ రింగ్ రోడ్డు తలుచుకోండి. మొత్తం 158 కిలోమీటర్లు. వేగ పరిమితిని 2023లో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. దారి పొడుగునా ఎల్‌ఈడీ దీపాలు. కొల్లూరు దగ్గర ఎక్కి ముత్తంగి వైపు సాయంత్రం ఆరున్నరకు వెళ్తున్నారు. ముందు మీ డీఆర్‌ఎల్ తెల్లగా రోడ్డు మీద పడుతోంది. పైనుంచి వీధి దీపాల వెలుతురు. లోపల డ్యాష్‌బోర్డు ఇప్పటి కార్లలో తాళం తిప్పగానే వెలుగుతుంది. పాత కార్లలో డ్యాష్‌బోర్డు చీకటిగా ఉంటే లైటు వెయ్యలేదని గుర్తొచ్చేది. ఇప్పుడు ఆ గుర్తూ పోయింది. అన్నీ వెలుగుతున్నట్టే ఉంటుంది కాబట్టి హెడ్‌లైటు స్విచ్చు తిప్పలేదన్న సంగతి మీకు స్ఫురించదు. వెనకనుంచి 120 మీద వచ్చేవాడికి మీ కారు నల్లటి పెట్టె. మీ ముందు లైటు ఎంత అందంగా ఉందో అతనికి కనబడే అవకాశమే లేదు.

పొగమంచులో ఇంకా ప్రమాదం. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద, మంజీర పరీవాహకంలో డిసెంబరు, జనవరి పొద్దుల్లో తెల్లగా కమ్ముకుంటుంది. చాలామంది 'నా కారుకు ఆటో లైట్లున్నాయి' అని ధీమాగా ఉంటారు. ఆటో లైటు సెన్సరు చూసేది వెలుతురు ఎంతుందని. మంచు తెల్లగా, వెలుతురుగానే ఉంటుంది కదా, సెన్సరుకు అది పగలే. హెడ్‌లైటు వెయ్యదు, వెనక లైటు వెలగదు, డీఆర్‌ఎల్ ఒక్కటే ముందు వెలుగుతుంటుంది. మంచులో చేత్తో స్విచ్చు తిప్పాల్సిందే. రోడ్డు పక్కన నిలిపిన లారీకి వెనక ఒక్క ఎర్ర రిఫ్లెక్టరు కూడా లేదని మనమందరం తిట్టుకుంటాం. ఆటో మీద వదిలేసిన కొత్త కారు వెనక భాగం ఆ పొద్దున దానికంటే గొప్పగా ఏమీ ఉండదు.

అందుకని నన్నెవరైనా సలహా అడిగితే, డీఆర్‌ఎల్‌కు నిజంగా చేయించదగ్గ మార్పు ఒక్కటే అంటాను. పగటి లైటుతోపాటు వెనక పార్కింగ్ లైట్లూ వెలిగేలా ఏర్పాటు చేయించుకోండి. కొన్ని కార్లకు ఇది వైరు తాకకుండా కంప్యూటర్ సెట్టింగుతోనే అవుతుంది. స్టీరింగు కింద ఉండే ప్లగ్గుకు పరికరం తగిలించి చేసే ఈ పనిని కుర్రాళ్లు కోడింగ్ అంటున్నారు. మీ మోడల్‌లో కంపెనీ ఆ వీలు ఉంచిందేమో సర్వీసు సెంటర్లో అడగండి. లేదంటే పొద్దుగూకే వేళ హెడ్‌లైటు స్విచ్చు మీకు మీరే వేసుకునే అలవాటు చేసుకోవాలి. దానికి ఖర్చు లేదు, 'లుక్కు' కూడా లేదు, అందుకే ఎవరూ అడగరు.

పగటి లైటు ఆర్పాలని అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్లలో కొందరి కారణం మంచిది. మన గేటెడ్ కమ్యూనిటీల గేటు దగ్గర రాత్రి కార్లు వరుసగా ఆగుతాయి. హెడ్‌లైటు ఆర్పితే డీఆర్‌ఎల్ పూర్తి తీవ్రతతో తిరిగి వెలుగుతుంది, వాచ్‌మన్ కళ్లలో పడుతుంది. రాత్రంతా అక్కడ నిలబడే మనిషికి అది చిన్న బాధ కాదు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు లాగితే డీఆర్‌ఎల్ ఆరుతుంది, మీదాంట్లో ఆరుతుందేమో చూడండి. ఆరకపోతే పార్కింగ్ లైటు మీద పెడితే మసకబారుతుంది.

చట్టం మాట రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణలో 182ఏ సెక్షను, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ అంటోంది. ఒక్కో మార్పుకు అన్నది గుర్తుపెట్టుకోండి. ముందువైపు స్పాట్ లైట్లు అనుమతి లేకుండా బిగించరాదని 111వ నిబంధన. 106వ నిబంధనైతే, ముందు లైటు ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్న మనిషి కళ్లు చెదరగొట్టకూడదంటుంది. ఆచరణలో మీ మోడల్ పై వేరియంటుకు కంపెనీయే అమ్మే డీఆర్‌ఎల్‌ను, కంపెనీ వైరింగుతో, కంపెనీ కప్లర్‌తో, బిల్లుతో పెట్టించుకోవడానికీ, బజారు పట్టీ తెచ్చి వైరు కోసి అతికించడానికీ చాలా తేడా ఉంది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చూసేది ఆ టేపు చుట్టిన జాయింట్లనే.

పెట్టించుకున్నారే అనుకుందాం. డబ్బులిచ్చేముందు షాపు దగ్గరే ఇవి చూసుకోండి. కారు స్టార్టు చేయించి ఎదురుగా ఎనిమిది పెద్ద అంగలు వెనక్కి నడవండి. పగటి లైటును సూటిగా చూడండి, ముఖం తిప్పుకోవాలనిపిస్తే అది ఎక్కువ. హెడ్‌లైటు వేయించండి, పగటి లైటు ఆరాలి లేదా తగ్గాలి. కుడి, ఎడమ ఇండికేటర్లు విడివిడిగా వేయించండి, పసుపు పసుపుగానే కనబడాలి. తాళం తీయించండి, రెండు నిమిషాల్లో అన్నీ ఆరాలి. రెసిస్టర్ ఎక్కడ పెట్టాడో చూపించమనండి, ఫ్యూజు ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే లేదన్నమాటే. చివరగా కారును షట్టరు వైపు వెనక్కి పెట్టించి మళ్లీ స్టార్టు చేయించండి. షట్టరు రేకు మీద ఎర్రటి వెలుగు పడిందా లేదా అద్దంలో చూసుకోండి. పడకపోతే మీ పగటి లైటుతో వెనక లైట్లు వెలగడం లేదు, సాయంత్రం ఆరింటికి స్విచ్చు మీరే తిప్పాలి.